వారం వెనక్కి పెట్టిన తేదీ

మా డిస్ట్రోను ఎవరైనా మెచ్చుకుంటే నాకు చెమటలు పడతాయి. అది వినయం కాదు. వినయమే అయితే కాస్త పుణ్యమైనా దక్కేది. ఇది అచ్చమైన సిగ్గు. పోయిన వానాకాలం కోతలప్పుడు పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

ముందు అసలు ఇదేమిటో చెప్పాలి. సూర్యాపేటలో నాకు ఒక చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. బాగుచేయడానికి వచ్చేవన్నీ ముసలి యంత్రాలే. జిరాక్స్ సెంటర్లవి, చిన్న చిన్న ప్రైవేటు బడులవి, రైస్‌మిల్లుల్లో ట్రాక్టర్లూ లారీలూ తూచే వేబ్రిడ్జిలవి. కొత్త విండోస్ వాటి మీద ఎక్కదు, ఎక్కినా కదలదు. అందుకని లినక్స్ వేసి ఇచ్చేవాణ్ణి. లినక్స్ ఉచితం. దానికి కావలసిన ప్రోగ్రాములన్నీ చేర్చి, మామూలు మనుషులు వాడుకునేలా కట్టగట్టి ఇస్తే దాన్ని డిస్ట్రో అంటారు. ప్రపంచంలో అలాంటివి బోలెడు. నేను నమ్ముకున్న డిస్ట్రోవాళ్లు ఒకరోజు, పాత రకం ప్రాసెసర్లకు ఇక మావల్ల కాదని మర్యాదగా ప్రకటించారు. నా షాపు బతికేదే ఆ పాత రకం మీద. నాకు కోపం తొందరగా వస్తుంది, దాని వెనకే పౌరుషం వస్తుంది. వాళ్ల సరుకంతా కాపీ తీసుకొని, పాత యంత్రాలకు పనికొచ్చేలా మార్చి, కొత్త పేరు పెట్టి బయటికి వదిలాను. దీన్ని ఆ లోకంలో ఫోర్క్ అంటారు. మన మాటల్లో వేరు కాపురం. దొంగతనమేమీ కాదు, ఎవరైనా అలా చేసుకోవచ్చని వాళ్లే రాసి పెట్టారు.

వేరు కాపురమైతే పెట్టాను గానీ పొయ్యి మాత్రం పెద్దింటిదే. పొద్దున షట్టరు ఎత్తి, చాయ్ తాగుతూ నేను చేసే మొదటి పని, పెద్దింటివాళ్లు నిన్న ఏమేం మార్చారో చూడటం. వాళ్లు మార్చినవన్నీ తెచ్చుకుంటాను. పాత యంత్రాల మీద నడిచేలా మళ్లీ కడతాను. వాళ్ల పేరున్న చోట నా డిస్ట్రో పేరు, వాళ్ల బొమ్మ ఉన్న చోట నా బొమ్మ పెడతాను. ఎక్కడో బ్రెజిల్‌లో ఒకాయన ఏదో తప్పు పట్టుకొని నాకు రాస్తే, దాన్ని పెద్దింటికి పంపుతాను. వాళ్లు సరిచేస్తారు. బ్రెజిల్ ఆయన నాకు థాంక్స్ చెబుతాడు. బడిలో టీచరుగా పనిచేసే నా భార్య ఇదంతా కొన్నాళ్లు చూసి, "వాళ్లింట్ల కూర దెచ్చుకొని మనింట్ల తాలింపు ఏస్తున్నట్టుంది మీ యవ్వారం" అంది. నవ్వాను గానీ ఆ మాట గుచ్చుకుంది. తాలింపు కూడా ఒక పనే కదా అని చాలా రోజులు లోపల్లోపలే వాదించుకున్నాను.

మొదట్లో ఎవరు అడిగినా ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. సొంతంగా తయారు చేశావా అంటే, లేదు, వేరేవాళ్లది తీసుకొని మార్చాను అనేవాణ్ణి. అడిగినవాళ్ల మొహం వాడిపోయేది. ఓహో అని ఫోను చూసుకునేవాళ్లు. క్రమంగా నా వివరణ చిన్నదైంది, తర్వాత చిరునవ్వైంది, చివరికి "ఏదో, మన పాత కంప్యూటర్ల కోసం చేస్తున్న" అనే దగ్గర స్థిరపడింది. అందులో ఒక్క అబద్ధం లేదు. వెతికినా దొరకదు. నా తెలివంతా అక్కడే ఉంది.

నా డిస్ట్రోను నాకంటే నమ్మకంగా వాడిన మనిషి ఒకామె ఉంది. మిర్యాలగూడలో వాడపల్లి పోయే దారిలో ఒక రైస్‌మిల్లు, ఆ మిల్లు వేబ్రిడ్జి గదిలో కూర్చుంటుంది. ఇద్దరు పిల్లల తల్లి. ట్రాక్టరు కాంటా మీదికి ఎక్కగానే బరువు కంప్యూటర్‌లో పడుతుంది. ఆమె బండి నంబరు కొట్టి, చిట్టీ తీసి రైతు చేతికి ఇస్తుంది. చిట్టీ మీద బరువూ తేదీ ఉంటాయి. ఆ తేదీ ఏ రోజుదైతే ఆ రోజు రేటు కడతారు. ఆమెకు నేను అంతా ఫోనులోనే నేర్పాను. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, చెప్పనిది ముట్టుకోదు. ఒక్క క్లిక్ చెయ్యాలన్నా, చెయ్యమంటరా సార్ అని అడిగి చేస్తుంది. వాడేవాళ్లంటే ఇలా ఉండాలని షాపులో అందరి దగ్గరా ఆమె గురించి గొప్పలు పోయేవాణ్ణి. నా పనితనానికి అదొక సర్టిఫికెట్ అన్నట్టు.

ఇంకొక్క సంగతి చెబితే గానీ నా ఘనకార్యం అర్థం కాదు. డిస్ట్రో నుంచి బయటికి వెళ్లే ప్రతి ప్రోగ్రాముకూ ఆ డిస్ట్రో నడిపేవాడి ముద్ర ఒకటి ఉంటుంది. కంటికి కనిపించదు, కంప్యూటర్ మాత్రమే చదువుకుంటుంది. ముద్ర సరిగ్గా ఉంటేనే ఆ ప్రోగ్రామును లోపలికి రానిస్తుంది. ఆ ముద్రకు గడువు ఉంటుంది. గడువు దాటకముందే పొడిగించాలి. చాయ్ చల్లారేలోపు అయిపోయే పని. అంత చిన్న పని మరచిపోయి నవ్వులపాలైన డిస్ట్రోలు ఉన్నాయి. అలాంటి వార్త చదివినప్పుడల్లా, ఇంత నిర్లక్ష్యమా అని విసుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

పోయిన వానాకాలం కోతలు దగ్గర పడుతుండగా కోదాడలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు నాకు సన్మానం చేస్తామన్నారు. కాలేజీలో టెక్నికల్ ఫెస్ట్, స్టేజీ మీద పెద్ద తెర, దాని మీద నా డిస్ట్రోను ఆన్ చేసి పిల్లలకు చూపిస్తారు. ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ నెలంతా షాపులో నేను చేసిందల్లా కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే బొమ్మ మార్చడం. పిల్లలమర్రి గుడికి వెళ్లి ఒక శిల్పాన్ని ఫొటో తీసి, దాని కింద డిస్ట్రో పేరు బంగారు రంగులో పెట్టాను. ఆ రంగు నచ్చక మార్చాను, అదీ నచ్చక మళ్లీ మార్చాను. ముద్ర గడువు దగ్గర పడిందని నేనే పెట్టుకున్న రిమైండరు ఫోనులో మోగింది. బొమ్మ పని అయ్యాక చూద్దామని నొక్కేశాను. బొమ్మ అయింది. అందరి కంప్యూటర్లకూ పంపాను. బాగుందని నలుగురు రాశారు, ఆ రాతలు పదేపదే చదువుకున్నాను. ముద్ర సంగతి మరచిపోయాను.

సన్మానం రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొని బస్సెక్కాను. మునగాల దాటి కోదాడ చేరేదాకా స్టేజీ మీద ఏం మాట్లాడాలో మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. కాలేజీ గేటుకు నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. ఫొటో కింద "సొంత ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్త" అని రాసి ఉంది. సృష్టికర్త! ప్రిన్సిపాల్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటే, ఆ మాట మార్పించండి అని చెప్పబోయాను. ఆయన నన్ను మాట్లాడనివ్వకుండా మా ప్రాంతం అదృష్టమండీ అంటూ లోపలికి తీసుకెళ్లారు. ఎలాగూ కట్టేశారు, ఇప్పుడు విప్పమంటే బాగుండదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అంత పెద్దగా సర్దిచెప్పుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

స్టేజీ పక్కన కుర్చీలో కూర్చుని ఉండగా ఫోను మోగింది. మిల్లు నుంచి ఆమె. చిట్టీ ప్రింటరు పాడైతే మేనేజరు కొత్తది తెచ్చాడట. అది పనిచేయాలంటే డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము నా డిస్ట్రో నుంచి దించుకోవాలి. దించబోతే ఎర్ర అక్షరాలు వస్తున్నాయట. ట్రాక్టర్లు రోడ్డు దాకా లైను కట్టాయట. ఎర్ర అక్షరాలు చదవమన్నాను. ఒక్కొక్క మాటే చదివింది. ఎక్స్‌పైర్డ్ అన్న మాట దగ్గర చాలు, ఆపమన్నాను. ముద్ర గడువు అయిపోయింది.

దాన్ని పొడిగించాలంటే సూర్యాపేటలో మా ఇంటి బీరువాలో ఉన్న పెన్‌డ్రైవు కావాలి. ముద్ర వేసే సరంజామా అందులో తప్ప ఇంకెక్కడా ఉంచకూడదని నా నియమం. అయితే ఒక అడ్డదారి ఉంది. ముద్ర సంగతి మరచి అల్లరిపాలైనవాళ్లు తమ వాడకందారులకు చెప్పే చిట్కా. కంప్యూటర్‌లో తేదీని కొన్ని రోజులు వెనక్కి జరిపితే, దానికి గడువు ఇంకా ఉన్నట్టే లెక్క. ముద్రను ఒప్పుకుంటుంది. ఈ చిట్కా చెప్పినవాళ్లను నేను ఎంత ఎగతాళి చేశానో నాకు బాగా గుర్తు.

"అమ్మా, తేదీ దగ్గర ఆటోమేటిక్ అని ఉంటది, గా టిక్కు తీసెయ్. తేదీ వారం ఎనక్కి పెట్టు. అప్పుడు డ్రైవరు దిగుతది" అన్నాను.

"వారం ఎనక్కా సార్?" అని ఒకసారి అడిగింది.

"ఔ. ఏం గాదు, పెట్టు."

మైకులో నా పేరు పిలిచారు. ఫోను పెట్టేసి లేచాను.

పని అయ్యాక ఆ టిక్కు మళ్లీ పెట్టుకో అని చెప్పలేదు. అది పెడితే తేదీ దానంతటదే ఈనాటికి వచ్చేస్తుంది. పెట్టకపోతే ఆ కంప్యూటర్‌కు ఈరోజు పోయిన వారమే.

శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు. తెర మీద నా పిల్లలమర్రి శిల్పం వెలిగితే హాలంతా చప్పట్లు. పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చని ఉపన్యాసం దంచాను. ఒక అమ్మాయి లేచి, ఇది మొదటినుంచీ మీరే రాశారా, దేని మీదైనా ఆధారపడ్డారా అని అడిగింది. సూటి ప్రశ్న. ఇలాంటివి ఎవరూ ఒక్కరే చేయరమ్మా, అందరి కృషీ ఉంటుంది అని నవ్వుతూ దాటేశాను. ఆమె కూర్చుంది గానీ చప్పట్లు కొట్టలేదు. ఆ పిల్లకు తెలుసు. నాకు చెవులు వేడెక్కాయి. అయినా శాలువా సర్దుకొని ఫొటోకు నిలబడ్డాను.

భోజనాలయ్యాక ఒక మూల కూర్చొని, మా డిస్ట్రో వాడేవాళ్ల ఫోరంలో క్షమాపణ రాయడం మొదలుపెట్టాను. ఇంటికి చేరగానే ముద్ర పొడిగిస్తాను, ఈలోగా తప్పనిసరైనవాళ్లు తేదీ వెనక్కి జరిపి పని చూసుకోండి, పని కాగానే తేదీని మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చడం మరవకండి అని రాశాను. ఆ చివరి మాట కొడుతుండగానే వేలు ఆగిపోయింది. ఊరూ పేరూ తెలియని వాళ్లందరికీ ఇంగ్లీషులో వరసగా రాస్తున్నాను. నన్ను నమ్మి ఫోను చేసిన మనిషికి సగమే చెప్పాను.

ఆమెకు ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తలేదు. మేనేజరు ఎత్తాడు గానీ వెనక నుంచి అరుపులు. గీడ లొల్లి అయితున్నది, తర్వాత మాట్లాడుత సార్ అని పెట్టేశాడు. శాలువా, మెమెంటో సంచిలో కుక్కుకొని మిర్యాలగూడ బస్సెక్కాను. హుజూర్‌నగర్ దాటాక రోడ్డు పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటిని చూడలేక తల దించుకొని కూర్చున్నాను. సంచిలోని మెమెంటో మోకాలికి గుచ్చుకుంటూనే ఉంది.

మిల్లుకు చేరేసరికి పొద్దు గూట్లో పడుతోంది. జరిగిందేమిటో గేటు దగ్గర హమాలీలు చెప్పారు. డ్రైవరు దిగింది, ప్రింటరు పనిచేసింది, ఆమె గబగబా చిట్టీలు ఇస్తూ పోయింది. అన్నిటి మీదా వారం కిందటి తేదీ. వారం కింద సన్నవడ్ల రేటు తక్కువ. రైతులు రోడ్డు మీద కూర్చుంటే గానీ పెరగలేదు. కాంటా దగ్గర కళ్లలో వత్తులు వేసుకొని చూడటం రైతుకు అలవాటు. ఒకాయన చిట్టీ చూశాడు, పక్కాయనకు చూపించాడు. పాత రేటు కట్టడానికి వేసిన ఎత్తు ఇది అని అందరూ కాంటా గదిని చుట్టుముట్టారు. నాకేమీ తెల్వదు, కంప్యూటర్ ఆమె చేతిలో ఉంటది అని మేనేజరు తప్పుకున్నాడు. తేదీ ఎవరు మార్చారని ఆమెను అందరి ముందూ నిలబెట్టి అడిగితే, నేనే మార్చిన అందట. ఎందుకంటే ప్రింటరు కోసం అందట. ప్రింటరుకూ తేదీకీ ఏం సంబంధం అని నవ్వారట. దొంగ అని కూడా అన్నారట. నా ఊసు ఆమె ఎత్తలేదు. రేపటి నుంచి పనికి రావద్దని మేనేజరు చెప్పేశాడు.

ఆమె కాంటా గది బయట, గోడకు ఆనుకొని నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి అలవాటుగా నమస్తే సార్ అంది.

నేను నోరు తెరవకముందే మేనేజరు మొహం వెలిగిపోయింది. కాలేజీలో తీసిన నా ఫొటో అప్పటికే వాట్సాప్‌లో అతని ఫోనుకు చేరింది. గీ సిస్టం తయారు చేసిన సారు ఈయనే, ఇయ్యాల్నే కోదాడల సన్మానం అయింది, మన కోసం ఉరికొచ్చిండు అంటూ రైతులకు ఫోను చూపించాడు. అరుస్తున్నవాళ్లు గొంతు తగ్గించారు. ఎవరో కుర్చీ వేశారు. సంచిలోంచి శాలువా జరీ అంచు బయటికి వేలాడుతోంది. దాన్ని లోపలికి తోయబోతే ఇంకా బయటికి వచ్చింది.

నేను కూర్చోలేదు. "ఆమె తప్పు ఏం లేదు" అన్నాను. "తేదీ ఎనక్కి పెట్టమన్నది నేను. మళ్ల సక్కగ పెట్టమని చెప్పుడు మర్చిపోయింది గూడ నేనే."

తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన నా వైపు మెచ్చుకోలుగా చూసి, పక్కవాళ్లతో అన్నాడు: "సదువుకున్న మనిషి గదా. ఆడిపిల్ల బతుకుదెరువు పోతదని తన మీదేసుకుంటున్నడు."

అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. నిజమే చెప్తున్న అని గట్టిగా అన్నాను. ముద్ర అన్నాను, గడువు అన్నాను, బొమ్మ పనిలో పడి మరచిపోయానన్నాను. ఒక్క ముక్క ఎవరికీ ఎక్కలేదు. వివరించిన కొద్దీ వాళ్ల కళ్లలో నా మీద గౌరవం పెరుగుతోంది. ఇన్నేళ్లూ ఉన్నదున్నట్టు చెప్పాల్సిన చోట నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతుంటే నమ్మేవాడు లేడు.

చివరికి లోపల కూర్చొని టిక్కు పెట్టాను. తేదీ ఈనాటికి వచ్చింది. చిట్టీలన్నీ మళ్లీ తీసి ఇచ్చాం, రైతులు ఒక్కొక్కరే తేదీ చూసుకొని జేబులో పెట్టుకున్నారు. సారు మొకం చూసి ఇడిసిపెడుతున్నం అన్నాడు తువ్వాలు పెద్దాయన. సారు అడిగిండు గాబట్టి ఆమెను మాఫ్ చేస్తున్న, రేపు పనికి రావచ్చు అని మేనేజరు కూడా ప్రకటించాడు. అంతటితో ఊరుకోలేదు, సారుకు దండం పెట్టు అని ఆమెకు చెప్పాడు. వద్దు వద్దంటున్నా వినిపించుకోలేదు. ఆమె రెండు చేతులూ జోడించింది. నేను చేసిన తప్పుకు ఆమెను క్షమించారు, అదీ నా సిఫారసు మీద. నా జన్మలో అంత సిగ్గు ఎరగను. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా చెంపలు మండుతున్నాయి.

ఇంకా తూచాల్సిన బళ్లు ఉన్నాయి. మేనేజరు ఆమెను వెళ్లి కూర్చోమన్నాడు. గదిలో మేమిద్దరమే మిగిలాం. ఆమె కుర్చీ లాక్కొని, తెర వైపు చూస్తూనే మెల్లగా అడిగింది.

"సార్, నిజం చెప్పున్రి. తేదీ మళ్ల ముందటికి పెట్టమని మీరు ఫోన్ల చెప్పిన్రు గదా? బయట ట్రాక్టర్ల సప్పుడుల నేనే ఇనలేదు గదా? పొద్దటి సంది గదే యాది చేసుకుంటున్న, యాదికొస్తలేదు."

అందరి ముందూ నేను చెప్పిందాన్ని ఆమె కూడా నమ్మలేదు. తనను కాపాడటానికే అన్నాననుకుంది.

"చెప్పలేదమ్మా."

"నిజంగ?"

"నిజంగ. చెప్పకుండనే ఫోను పెట్టేసిన. స్టేజీ మీదికి పిలిచిన్రు, పోయిన."

అప్పుడు నా వైపు తిరిగి చూసింది. తిట్టినా బాగుండేదనిపించింది. తిట్టలేదు. ఊపిరి ఒకసారి గట్టిగా వదిలింది.

"గట్లనా" అంది. "అయితే నేను మర్చిపోలే."

ట్రాక్టరు కాంటా మీదికి ఎక్కింది. బండి నంబరు కొట్టబోతూ ఆగి, తేదీ ఉన్న చోటు తెరిచి, టిక్కు ఉందో లేదో చూసుకుంది. చెప్పనిది ఎన్నడూ ముట్టుకోని మనిషి, పక్కనే ఉన్న నన్ను అడగలేదు.